ఎవరూ అడగని ఊరు

మొన్న సత్తెనపల్లి బస్టాండులో ఒక మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తాడు. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. అరటిపళ్ళ బండి ఆమె గబుక్కున పళ్ళ మీద గోనె కప్పేసింది. బస్సు కోసమేనని తెలిశాక అందరూ మళ్ళీ కూర్చున్నారు. మా పల్నాడులో అంతే. మనిషి పరుగు చూస్తే ముందు వాడి చేతులు చూస్తాం, ఏమన్నా పట్టుకున్నాడా అని. తరవాత వాడి వెనక చూస్తాం, ఎవరన్నా తరుముతున్నారా అని. మొహం చూసేది ఆఖర్న. నేను కూడా లేచాను. లేచి, మళ్ళీ కూర్చుంటూ నవ్వుకున్నాను. మా మేడమీది పిల్ల గుర్తొచ్చింది.

పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి. నరసరావుపేటలో మా ఇంటి పైవాటా అద్దెకు తీసుకుని కొంతకాలం ఉంది. పని అయ్యాక ఖాళీ చేసి హైదరాబాదు వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ వాటాలో వేరే సంసారం ఉంది. ఆమెకు చక్కని పేరే ఉండేది, కానీ మా ఇంట్లో ఎవరమూ ఆ పేరుతో పిలిచింది లేదు. మేడమీది పిల్ల, అంతే. ఈపూరు పక్క పల్లెటూరు వాళ్ళది. పెళ్ళి సంగతి కదిపితే, "మిషను సెలవివ్వట్లా మామ్మా" అనేది.

మొదట నేను ఆమె గదిలోకి వెళ్ళింది పోట్లాడటానికే. మిరపకాయలు ఎండబోయటానికి మేడ ఎక్కితే, గదిలోంచి పిండిమర ఆడుతున్నట్టు హోరు. అద్దె మాట్లాడుకునేటప్పుడు కంప్యూటరు ఒకటి ఉంటుందని చెప్పింది గానీ మర సంగతి చెప్పలేదు.

"ఏందే ఇది? నా ఇంట్లో మర పెట్టావా?"

"ఫ్యాను మామ్మా. మిషను వేడెక్కింది, ఇసురుకుంటంది."

తలెత్తి చూస్తే ఆమె నెత్తి మీద ఫ్యాను ఆగి ఉంది. జాకెట్టు వీపంతా చెమట. "నీ ఫ్యాను ఆపుకుని దానికి ఇసురుతున్నావా?" అన్నాను. "రెండూ తిరిగితే మీ వైర్లు కాలతయ్యని మీరే గదా అంది" అంది. ఆ మాటతో నాకు ఆ పిల్ల మీద కొంత గౌరవం కలిగింది. అద్దెకున్నవాళ్ళలో ఇంటావిడ చెప్పిన మాట గుర్తు పెట్టుకున్నవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

తెర మీద ఒక వీధి కనపడుతోంది. రెండు పక్కలా రాతి గోడల ఇళ్ళు, చివర ఒక గుట్ట.

"ఇదేం ఊరే?"

"లేని ఊరు."

"లేని ఊరికి ఇంత కరెంటా?"

ఆమె నవ్వినప్పుడు ఒక కన్ను మూసుకునేది. నవ్వినప్పుడే కాదు, దేన్నయినా పరీక్షగా చూడాలన్నా అంతే. ఇంటి గోడను, గేదెను, చివరికి నన్ను కూడా ఒక కన్ను మూసే చూసేది.

ఆమె ఉద్యోగం ఏమిటో నాకు అర్థం కావటానికి చాలా రోజులు పట్టింది. నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తి కాలేదు. కంపెనీ హైదరాబాదుదట, ఈ పిల్ల ఇక్కడి నుంచే పని చేస్తుందట. ఆట మాత్రం దేశంగాని దేశం వాళ్ళదట. వాళ్ళు కొంత పని వీళ్ళకు ఇస్తారు. ఆటలో ఇళ్ళు కట్టటం, చెట్లు నాటటం, వీధులు వెయ్యటం ఈ పిల్ల వంతు.

"అయితే మేస్త్రివన్నమాట."

"మేస్త్రినే. ఇటిక లేదు, సిమెంటు లేదు. పొద్దస్తమానం ఫోన్లో సాధించే ఇంటి ఓనరు మటుకు ఉన్నాడు, మా సారు."

ఆ ఆట ఒకటితో ఆగలేదు. ఆమె ఏడో తరగతిలో ఉండగా మొదటిది చూసిందట. ఆ తరవాత కొన్నేళ్ళకొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె మారినప్పుడల్లా ఆట కూడా కొత్తది వస్తుంది. అన్నిటిలోనూ నాయకుడు ఒకడే. ఊళ్ళు మారతాయి, పగవాళ్ళు మారతారు, వాడికి మాత్రం వయసు రాదు. ఒకరోజు మొదటి ఆట నుంచి ఇప్పటిదాకా వాడి బొమ్మలన్నీ వరసగా పెట్టి చూపించింది. మొదటి బొమ్మలో వాడు చెక్కతో చేసిన ఏటికొప్పాక బొమ్మలా ఉన్నాడు. చివరి బొమ్మలో గడ్డం వెంట్రుకలు కూడా విడివిడిగా ఉన్నాయి. కానీ అన్నిటిలోనూ చేతులకు తొడుగులు, మెడకు కండువా.

"ఎండాకాలం కూడా ఆ తొడుగులేందే వాడికి?"

"మొదట్లో మిషనుకి వేళ్ళు గీసే ఓపిక లేదు మామ్మా. ఐదు వేళ్ళూ కలిపి ఒక ముద్ద చేసి పైన తొడుగేశారు."

"ఆ కండువా?"

"తలకీ మొండేనికీ అతుకు కనపడేది. దాన్ని కప్పటానికి."

"ఇప్పుడు ఓపికొచ్చిందిగా?"

"వచ్చింది. గోటికింద మట్టి కూడా గియ్యొచ్చు. కానీ తొడుగు తీసేస్తే వాడు వాడు గాదంటారు జనం."

నేను ఆ బొమ్మల ముందు చాలాసేపు కూర్చున్నాను. మా అత్తగారి ఇంట్లో శుభకార్యానికి పులిహోర కలిపితే జీడిపప్పు వెయ్యరు, వేరుశనగ గుళ్ళే వేస్తారు. ఏ కరువు కాలంలోనో జీడిపప్పు కొనలేక మొదలయిన పద్ధతి అది. ఇప్పుడు అందరూ కొనగలరు. అయినా ఎవరన్నా కోడలు తెలియక వేసిందంటే, "ఇది మన ఇంటి పులిహోర కాదు" అని విస్తట్లో పక్కకు తీసిపెడతారు. లేమి పోయినా లేమి నేర్పిన రుచి పోదు. ఆటబొమ్మకు కూడా అంతేనని నాకు అప్పటిదాకా తెలియదు.

తరవాత నేను ఆమె దగ్గర ఒక ఆట నేర్చుకున్నాను, దానికి పెట్టె అక్కర్లేదు. ఆమె లోకంలో ఉన్న ప్రతి వస్తువునూ రెండు రకాలుగా చూసేది: బరువు, తేలిక. మిషను గీయటానికి దేనికి ఎంత శ్రమ అన్నదే లెక్క. మునగచెట్టు బరువు, అరటిచెట్టు తేలిక. నాపరాయి తేలిక, తాటాకు కప్పు బరువు. కోడి బరువు, గేదె తేలిక.

"కోడి గేదె కంటే బరువా?" అన్నాను.

"కోడికి ఈకలున్నయ్ మామ్మా. గేదెకేముంది? నున్నటి నల్ల తోలు. రోజుకి పది గేదెల్ని కట్టేస్తా. ఒక్క కోడి పెట్టాలంటే రెండ్రోజులు."

ఆ మాట విన్నాక నేను కూడా అలాగే చూడటం మొదలుపెట్టాను. మా ఇంటికి చుట్టాలొస్తే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. రింగుల జుట్టు, జరీచీర, మెడనిండా గొలుసులు ఉన్న ఆవిడ గుమ్మం ఎక్కుతుంటే, ఆ పిల్ల మెట్ల మీద నిలబడి, "మిషను ఆగిపోద్ది మామ్మా" అని గొణిగేది. ఆవిడ వెనకాల వచ్చే బట్టతల మొగుడిని చూసి, "ఈయన తేలిక" అనేది. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేదాన్ని.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. కంటికి కనపడనిది మిషను గియ్యదట. వీధిలో నడిచేవాడి వెనక ఊరు ఉండదు. వాడు తల తిప్పితే అప్పుడు గీస్తుంది, మళ్ళీ ముందుకు తిరిగితే వెనకది చెరిపేస్తుంది. ఇళ్ళలో మూసిన తలుపుల వెనక ఏమీ ఉండదు. మనిషి లేని గదిలో లైటు ఆర్పమని నేను నా జన్మంతా మొత్తుకున్నాను. నా మాట విన్నది ఆ మిషను ఒక్కటే.

ఒకరోజు మిరపకాయలు తిరగబోస్తుంటే ఆమె గడపలో దిగులుగా కూర్చుని ఉంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పెరుగన్నం తినటం ఆమె అలవాటు. ఆరోజు అన్నం ముట్టలేదు.

"ఏందే?"

"ఇంజను మార్చారు మామ్మా."

ఆటలో ఇంజను ఏమిటని అడిగాను. కథ, ఊళ్ళు, మనుషులు పైకి కనపడేవి. వాటన్నిటినీ కింద నుంచి నడిపేది ఇంజను. వెలుగు ఎట్టా పడాలి, మనిషి ఎట్టా నడవాలి, ఎంత దూరం కనపడాలి అన్నీ దాని చేతిలోవే. పాత ఆటలన్నీ ఒక ఇంజను మీద నడిచాయి. ఇప్పుడు దాన్ని తీసేసి కొత్తది పెట్టారు.

నాకు మా పొలం గుర్తొచ్చింది. మొదట మాకు ఆయిలింజను ఉండేది. డీజిలు పోసి హ్యాండిలు తిప్పితే ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్ళు. తరవాత కరెంటు మోటారు పెట్టారు. శ్రమ లేదు, పొగ లేదు, కానీ కరెంటు ఇచ్చినప్పుడే నీళ్ళు. దాంతో మా ఆయన నిద్ర మారింది, కూలీలు వచ్చే వేళ మారింది, చివరికి వేసే పైరు కూడా మారింది.

"మోటారు మారితే సేద్యమే మారుద్దే పిచ్చిదానా" అన్నాను.

ఆమె ఒక కన్ను మూసి నన్ను చూసింది. "ఈ ముక్క మా సారుకి చెప్పు మామ్మా. ఆయన ఇంజను మార్చి పాత పైరే పండించమంటన్నాడు."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ మొదటి ఆటను కొత్త ఇంజను మీద మళ్ళీ తయారు చేస్తున్నారు. అందులో ఒక ఊరు ఉంది, నేను తెర మీద చూసిందే. దాన్ని కట్టే పని అడిగి మరీ తీసుకుంది. ఆ ఊరు ఆటలో ఉంటుందా, పోతుందా అన్నది ఇప్పుడు తేలటం లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పాత ఆటలో ఆ ఊరినిండా పొగమంచు. వీధిలో నిలబడితే ముందున్న రెండు ఇళ్ళు కనపడేవి, మిగతాదంతా తెలుపే. అది అందం కోసం పెట్టింది కాదు, పాత మిషను అంతకంటే దూరం గియ్యలేక పెట్టింది. వీధి తిన్నగా ఉండటం కూడా అందుకే, వంకర వీధి దానికి చేతకాదు. ఇప్పుడు పెద్దలు మంచు తీసెయ్యమన్నారు, కొత్త ఇంజను ఎంత దూరం చూపిస్తుందో జనానికి తెలియాలట. వీధిని వంచితే మలుపు అవతలది గియ్యక్కర్లేదు గానీ, వంచటానికి లేదు. ఆ ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళకు అడుగడుగూ గుర్తే, మారిస్తే తిట్టిపోస్తారు. మంచు తీస్తే ఊరంతా ఒకేసారి కనపడాలి, ఒకేసారి గియ్యాలి.

ఆమె గదిలో ఆడే పెట్టెలు రెండు ఉండేవి. కొత్తది నున్నగా, నిలబెట్టిన నాపరాయి పలకలా ఉండేది. రెండోది పాతది, చవకది, దాని పక్కనే పడుకుని ఆయాసపడుతుండేది. కొత్తదాని మీద ఊరు చక్కగా నడిచింది. పాతదాని మీద కుప్పకూలింది. తెర మూలన ఒక అంకె ఉండేది. అది నిలకడగా ఉంటే బొమ్మ నీళ్ళలా సాగుతుంది. అది పడిందంటే ఎడ్లబండి గుంటలో దిగినట్టు కుదుపు. వీధి సగానికి వచ్చేసరికి అంకె పడిపోయేది, ఇళ్ళు తెల్లటి దిమ్మెల్లా నిలబడి, కాసేపటికి గానీ రాళ్ళూ తలుపులూ వచ్చేవి కావు.

వాళ్ళ సారు ఫోనులో మాట్లాడుతుంటే నేను విన్నాను. మంచివాడే, గొంతు పెంచలేదు. "చూడండి మేడమ్, చవక బాక్సు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నంబర్ పడకుండా నడిస్తే ఊరు ఉంటుంది. లేకపోతే తీసేద్దాం. కథలో ఒక మాటగా చెప్పిద్దాం, 'అక్కడొక ఊరుండేది' అని."

ఫోను పెట్టేసి ఆ పిల్ల, "ఉండేదంట" అంది.

"ఆ పాత పెట్టెను వదిలెయ్యరాదా? కొత్తదాని మీదే ఆడుకుంటారు."

"ఈపూరులో ఏడో తరగతి పిల్లకి ఎవరన్నా పెట్టె కొనిచ్చారంటే, ఏది కొనిస్తారు మామ్మా? ఆ నాపరాయి పలకా?"

నేనయినా చవకదాన్నే కొంటాను.

ఇక ఆమె ఊరి బరువు తగ్గించే పనిలో పడింది. పాత బట్ట విప్పి గుడ్డ ఆదా చేసే దర్జీలా ఒక్కొక్కటే తీసేది. దూరంగా ఉన్న ఇళ్ళకు పక్కగోడలు తీసేసింది. చెట్ల ఆకులు పలచన చేసింది. నేను కూడా పక్కన కూర్చుని సలహాలిచ్చాను. కోళ్ళను తీసి గేదెల్ని పెట్టమన్నది నేనే. పెట్టింది. అంకె కొంచెం లేచింది. కానీ కోడి లేని వీధి నాకు వీధిలా అనిపించలేదు. ఆమెకూ అలాగే ఉన్నట్టుంది, ఏమీ అనకుండా ఒక కోడిని తెచ్చి ఒక గోడ మీద పెట్టింది. పెట్టి, "ఇది ఎగరదు" అంది.

అంత చేసినా వీధి సగానికి వచ్చేసరికి బండి గుంటలో పడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇద్దామని పైకి వెళితే, తెర మీద ఆ కండువావాడు వీధిలో దౌడు తీస్తున్నాడు.

"ఎవడే వాడు? ఊళ్ళో ఆ పరుగేంది? ఎవర్నన్నా నరికొచ్చాడా?"

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. మజ్జిగ చీర మీద ఒలకబోసుకుంది. ఎంత నవ్విందో అంత తొందరగా ఆగిపోయింది.

నేను ఊరుకోకుండా చెప్పుకుంటూ పోయాను. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో మా అత్తగారి ఊరి మొదట్లో అరుగు మీద పెద్దవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. కొత్తవాడు ఎవడొచ్చినా సైకిలు దిగాల్సిందే. "ఎవరయ్యా, ఏ ఊరు, ఎవరింటికి?" జవాబు చెప్పి, వాళ్ళు తలూపాక నడిచి లోపలికి పోవాలి. అంత మర్యాద ఉండేది. ఇట్టా గుర్రంలా దూసుకుపోతే ఊరంతా తలుపులేసుకునేది.

"వాడికీ ఒక ముసల్దాన్ని అడ్డం పెట్టు. ఆమెతో మాట్లాడి పోయేలోపు నీ పెట్టె మిగతా ఊరు గీసుకోదూ?" అన్నాను.

నేనేదో కొత్త సంగతి కనిపెట్టానని అనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"అది నాకు తెలవదనుకున్నావా మామ్మా? ఆటలన్నిట్లో చేసే పనే అది. ఇరుకు సందు పెడతారు, లిఫ్టు పెడతారు, బరువు తలుపు పెడతారు. అవతలది గీసుకునేదాకా మనిషిని నిలబెట్టటానికే. మా సారు మొదట్నుంచీ అదే చెప్తన్నాడు, వీధి మొదట్లో ఒకర్ని పెట్టి మాట్లాడించమని. నేనే పెట్టలా."

"ఎందుకు పెట్టవే? ఊరు పోతంటే!"

ఆమె తెర వంకకు తిరిగింది. తరవాత నా వంక చూడకుండా చెప్పింది.

"మా ఇంటి నుంచి కొట్టుకు పోవాలంటే మధ్యలో అరుగులుండేయి మామ్మా. అరుగు అరుగుకీ ఒక ముసల్ది. యాడికే, ఎందుకే, మీ అమ్మకు చెప్పావా, ఆ ఓణీ ఏందే. ఉప్పు పొట్లం కోసం పోతే, సాయంత్రానికి మా నాయనకు నేను ఎవరి వంక చూశానో కూడా తెలిసేది. ఇంటర్వెల్లో మా స్కూలు వెనక గేముల కొట్టుకి పోయేదాన్ని. ఈ ఊళ్ళోకి మొదటిసారి అడుగుపెట్టింది అక్కడే. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచా. ఒక్కళ్ళు అడగలా. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచా. అప్పుడూ అడగలా."

"ఊళ్ళో జనం లేరా?"

"లేరు. మనుషుల్ని పెట్టటానికి ఆ మిషన్లో జాగా లేదు. అందుకని పెట్టలా. అది ఇప్పుడు తెలిసింది. అప్పుడు నాకేం తెలుసు? నా కోసమే అట్టా కట్టారనుకున్నా."

నేను నాకు తోచినదే అన్నాను. "అడిగేవాళ్ళు లేకపోతే అది ఊరెట్టా అయిద్దే? అడగటం అంటే కాపలా గదా."

"ఎవరికి కాపలా?" అంది.

అంతటితో మజ్జిగ గ్లాసు నా చేతికి ఇచ్చేసింది. ఆ తరవాత కొన్నాళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. నేను గోంగూర పచ్చడి నూరితే కిందికి రాలేదు. గిన్నెలో పెట్టి మెట్ల మీద ఉంచాను. గిన్నె కడిగి మళ్ళీ అక్కడే పెట్టింది. పైన పిండిమర హోరు మాత్రం ఆగలేదు. నేను మిరపకాయలు తిరగబోస్తూ ఆలోచించాను. ఆమె చెప్పిన ముసలివాళ్ళలో నన్ను కూడా లెక్క వేసిందేమోనని కాదు. లెక్క వేసే ఉంటుంది, అందులో అబద్ధం ఏముంది. నాకు తెగనిది ఒకటే. ఒక పెట్టెలో జాగా చాలకపోవటం ఎక్కడో ఈపూరు పక్కన ఒక ఆడపిల్లకు ఊపిరి ఆడే చోటు ఎట్టా అయింది? దాన్ని తయారు చేసినవాళ్ళు ఈ పిల్లను కలలో కూడా అనుకుని ఉండరు. ఇప్పుడు జాగా పెరిగింది, బోలెడంత పెరిగింది. పెరిగిన జాగాలో మొట్టమొదట కూర్చోబెట్టమంటున్నది ఎవరిని? అడిగే ముసలిదాన్ని.

సారు పెట్టిన గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఆమె చవక పెట్టెను చంకలో పెట్టుకుని కిందికి దిగి వచ్చింది. వైర్లు భుజాన వేసుకుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"మీ టీవీకి తగిలిస్తా మామ్మా. జనం ఇళ్ళల్లో ఎట్టుంటదో అట్టా చూడాలి. నువ్వే నడిపించాలి."

"నాకేం వచ్చే? మీ కంపెనీలో మనుషుల్లేరా?"

"వాళ్ళకు ఊరు తెలుసు. తెలిసినోళ్ళు తిన్నగా పోతారు. తెలవనోళ్ళు పిచ్చి పిచ్చి చోట్లకి చూస్తారు, అప్పుడే అంకె పడేది. ఇట్టా చూడు, ఈ బొటనవేలుతో నడక, ఆ బొటనవేలుతో చూపు."

రెండు చేతుల్తో పట్టుకునే ఆ మీటల ముక్క నాకు జంతికల గొట్టంలా అనిపించింది. నొక్కాను. కండువావాడు గిర్రున తిరిగి గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"గోడకు నిలబడ్డాడేందే, బడిలో తప్పు చేసినోడిలా?"

"నువ్వే నిలబెట్టావ్. తిప్పు, తిప్పు. అట్టా."

వీధి మొదట్లో ఒక అరుగు. అరుగు మీద ఒక ముసలామె. ఒళ్ళో చేట పెట్టుకుని ఏవో గింజలు ఏరుకుంటోంది. మొహం ముడతలన్నీ ఉన్నాయి, చానా బరువు మనిషి.

"పెట్టావే!"

"నడువు మామ్మా."

వాడు దగ్గరకు రాగానే ముసలామె తలెత్తి, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. వాడి పరుగు దానంతటదే నడకలోకి దిగింది. నేను మీట వదిలేశాను. "ఏమంటంది?"

"ఎవరింటికి నాయనా అంటంది."

"ఏం చెప్పాలి? ఏది నొక్కాలి?"

"ఏదీ నొక్కక్కర్లా. చెప్పేందుకు మీట లేదు. నేను పెట్టలా. నడువు."

"జవాబు చెప్పకుండా పోతే ముసల్ది ఊరుకుంటదా?"

"ఊరుకుంటది" అంది ఆ పిల్ల. "అది నేను చేసిన ముసల్ది."

వాడు నింపాదిగా ఆమె ముందు నుంచి నడిచాడు. ఆమె తల తిప్పి వాణ్ణి చూస్తూ ఇంకో మాట అడిగింది. వాడు నడుస్తూనే ఉన్నాడు. ఆమె కాసేపు చూసి, మళ్ళీ చేటలోకి వంగి గింజలు ఏరుకుంది. కోపం లేదు, లేచి ఎవరి ఇంటికీ పోలేదు, ఎవరికీ చెప్పలేదు. అట్టాంటి ముసలిదాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ అడగటంలో, చూడటంలో పెట్టెకు కావలసినంత సమయం దొరికింది కాబోలు, వీధి మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంది. ఇళ్ళు, గేదెలు, గోడ మీద ఎగరని కోడి, దూరాన గుట్ట.

పక్కకు చూస్తే ఆ పిల్ల రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"నేను చూడలేను. మూలన అంకె చదువు మామ్మా."

చదివాను. నడిచాను. మళ్ళీ చదివాను. అదే అంకె.

"సగం దాకా వచ్చావా? అక్కడే పడేది."

"సగం దాటా. పడలా."

"కుడి పక్కకి చూడు. గభాల్న తిప్పు."

తిప్పాను. ఒక ఇంటి గుమ్మం, గుమ్మం పక్కన నీళ్ళ తొట్టి. "పడలా."

చవక పెట్టె మా నాపరాళ్ళ మీద పడుకుని ముసలి ఎద్దులా రొప్పుతోంది. నా బొటనవేలు నొప్పి పుట్టింది. వదిలితే వాడు ఆగిపోతాడని వదల్లేదు. ఒక్కొక్క ఇంటినీ చూసుకుంటూ పోయాను. పని లేకుండా, చేతిలో సంచి లేకుండా, ఎవరి ఇంటికీ కాకుండా నేను ఒక వీధి చివరిదాకా నడిచింది ఎప్పుడూ లేదు. చివరి ఇల్లు వచ్చింది. దాని పక్క నుంచి గుట్ట మీదికి సన్నని బాట కనపడింది.

"అయిపోయిందే ఊరు" అన్నాను. "అంకె అట్టాగే ఉంది."

ఆమె కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. కొంగుతో తుడుచుకోవటానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

"బాట ఒకటి కనపడతంది. పైకి పోనా, ఇక్కడ ఆగనా?"

"నీ ఇష్టం మామ్మా" అంది. "ఎందాకన్నా పో."